డ్రుసిల్లమ్మ రాసింది, ఆవు ఓటేసింది

నూటయాభై ఏళ్ళ కిందటి మాట. అమెరికాలో ఒక పల్లెటూళ్ళో ఓబెద్, జోథమ్ అని ఇద్దరన్నదమ్ములు ఉండేవాళ్ళు. పేపర్లో ఏముంటే అది తు.చ. తప్పకుండా చేసే బుద్ధిమంతులు ఆ చుట్టుపక్కల తామేనని వాళ్ళ గొప్ప. వాళ్ళ చెల్లెలు కెజాయా ఊరిబడిలో పిల్లలకి చదువు చెప్పేది. ఆ బడి ఉంచాలా, మూసేయాలా అని ఓట్లు పెట్టారు. ఆడవాళ్ళకా, ఓటు లేదు. బడి పోతుందేమోనని ఆ పిల్లకి ముద్ద దిగడం లేదు.

ఆ ఊరి పేపర్లో డ్రుసిల్లమ్మ అని ఒకావిడ రాసేది. మహా గడుసు, నవ్విస్తూనే వాతలు పెట్టేది. "ఆడవాళ్ళు పువ్వులట, ఓటు వేయడానికి ఎండలోకొస్తే వాడిపోతారట. పాపం, తొట్లో పెట్టి పెంచుకోండి" అని ఎగతాళి చేసింది. ఇంకేముంది, అన్నలు చెల్లెల్ని తొట్లో నిలబెట్టి, కాళ్ళ చుట్టూ పేడ వేసి, బక్కెట్టెడు నీళ్ళు గుమ్మరించారు. కదిలితే వేరు తెగుతుందని జోథమ్ బతిమాలాడు కూడా.

ఆ పిల్ల తడిబట్టలతోనే వెళ్ళి డ్రుసిల్లమ్మ దగ్గర మొరపెట్టుకుంది. ఆవిడకి ఒళ్ళు మండింది. "మగవాళ్ళ బుర్రలు అంత విలువైనవైతే మూతపెట్టి దాచుకోరాదూ?" అని మరుసటి వారం రాసింది. అంతే, ఇద్దరూ నెత్తిన చెరో గిన్నె బోర్లించుకున్నారు. అవి కళ్ళదాకా దిగి ఇరుక్కున్నాయి. దారి కనపడక ఇద్దరూ పోయి పందుల దొడ్లో పడ్డారు. కెజాయా వెన్న రాసి లాగితేగానీ ఊడలేదు.

ఓట్ల వారం వచ్చింది. డ్రుసిల్లమ్మ విసిగిపోయి, ఓటు వేసే పని ఇలాంటి మగవాళ్ళకంటే వాళ్ళ ఆవుకి అప్పగిస్తే నయమని రాసింది. తెల్లారేసరికి అన్నలు ఆవుని తోలుకుని ఓట్లు వేసే చోటికి బయల్దేరారు. ఆవుకి రాత రాదు కదా, ఇద్దరి ఓటు చీటీలూ రాసిపెట్టడానికి చెల్లెల్ని వెంటబెట్టుకున్నారు.

ఆడమనిషి ఓటు చెల్లదని అక్కడ చీటీలు తీసుకునే గుమాస్తా అడ్డం పడ్డాడు.

"ఓటు మా ఆవుదండీ. మా చెల్లిది చేతిరాత మాత్రమే" అన్నాడు ఓబెద్.

గుమాస్తా చట్టమంతా తిరగేశాడు. అందులో ఆడవాళ్ళు వద్దని ఉందిగానీ, ఆవుల ఊసే లేదు. చేసేది లేక అన్నదమ్ముల తరఫున రెండు చీటీలూ తీసుకున్నాడు. ఆ రెండు ఓట్ల తేడాతోనే బడి నిలబడింది. కెజాయాకి సంతోషంతో ఏడుపొచ్చేసింది.

ఇంటికొచ్చే దారిలో జోథమ్‌కి అనుమానం వచ్చింది. "ఆవుని అడిగే రాశావా అమ్మాయ్?"

"అడిగానన్నయ్యా. తల ఊపింది."

అన్నలు మురిసిపోయారు. ఇంత తెలివైన ఆవుని ఇన్నాళ్ళూ పాలకే వాడుకున్నామే అని నొచ్చుకున్నారు. ఆ వారం పేపరు రాగానే తాము ముట్టుకోకుండా తీసుకెళ్ళి దాని ముందు పరిచారు. ఆవు పేపరంతా నమిలి మింగేసింది. అన్నదమ్ములు చేతులు కట్టుకుని పక్కనే నిలబడి, అందులో ఏం రాశారో చెబుతుందని పొద్దుగూకేదాకా ఎదురుచూశారు.