ధూపం దగ్గరి విసనకర్ర

కడుపు చిన్నదైందని ఖలందర్‌కు తెలుసు, డాక్టరమ్మకు తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనిదల్లా అతని నాలుకకే.

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని ఎనిమిది నెలలు కావస్తోంది. మొదట్లో నాలుగు చెంచాల పప్పుకే కడుపు నిండిపోయేది. అన్నం మాటే గుర్తు రాలేదు. కడుపుతో పాటు ఆశ కూడా తెగిపోయిందనుకుని ఖలందర్ ఛాతీ విరుచుకు తిరిగాడు. పెళ్లి విందుల్లో బిరియాని పళ్లెం పక్కకు నెట్టి, చూశారా అన్నట్టు అందరి మొహాలూ చూసేవాడు.

తర్వాత ఒకరోజు బేకరీ ముందు కాలు ఆగింది. ఆ రోజు నుంచి అతనికి కుదురు లేదు.

అన్నం, బన్ను, జిలేబి. పని చేస్తున్నా అవే, నమాజులో నిలబడ్డా అవే. తినకుండా ఉండలేడు, తింటే కడుపు ఊరుకోదు. నాలుగు జిలేబీలు లోపలికి పోగానే గుండె దడదడలాడి, ఒళ్లంతా చెమటలు పట్టి, మంచం మీద పడిపోయేవాడు. తగ్గిన బరువు మెల్లగా మళ్లీ ఎక్కుతోంది. అతని అన్నకు షుగరు ముదిరి కాలు తీసేశారు. అన్నను భుజం పట్టి నడిపిస్తున్నది ఖలందరే. తనకూ అదే గతి పడుతుందని అతనికి నిజంగానే భయం.

భయంతో పాటు కోపం కూడా వచ్చింది. ఇంట్లో అన్నం వండకూడదన్నాడు. పాపం భార్య షమీమ్, పిల్లల్ని వెంటేసుకుని పక్క వీధిలో తమ్ముడింటికి వెళ్లి తినొస్తోంది. బేకరీ కనపడకుండా తను పనిచేసే షెడ్డుకు చుట్టు తిరిగి పోయేవాడు. తిన్న మర్నాడు తనకు తానే శిక్ష వేసుకుని, డాక్టరమ్మ వేళకు తినమన్న గుడ్డు, పప్పు కూడా ముట్టేవాడు కాదు. సాయంత్రానికి ఆకలి, ఆశ రెండూ కలిసి మీద పడేవి. మళ్లీ బేకరీయే గతి.

ఆ గురువారం సందెవేళ షమీమ్‌ను వెంటబెట్టుకుని ఊరి చివర గుట్ట మీది దర్గాకు వచ్చాడు. ఆమె మెట్ల దగ్గరే కూర్చుంది. అతను నేరుగా తన గురువు హజ్రత్ నూరుల్లా ముందు మోకరిల్లాడు.

"నాకొక తాయెత్తు కట్టండి హజ్రత్. ఈ ఆశ చచ్చిపోవాల."

హజ్రత్ బక్కపలచని ముసలాయన.

"పొద్దున ఏం తిన్యావు?" అన్నాడు.

"ఏం తినలేదు."

"మధ్యాహ్నం?"

"ఏం లేదు హజ్రత్. ఈ ఆశ మింద నాకు కోపంగా ఉండాది. దానికి బుద్ధి రావాల."

"వచ్చిందా?"

"యాడ వచ్చింది హజ్రత్! సాయంత్రానికి మళ్లీ బేకరీయే."

"తాయెత్తు సంగతి తర్వాత చూస్తాం. ధూపం పట్టే మనిషి ఈ పొద్దు రాలేదు. నువ్వు పట్టు."

గురువారాల్లో దర్గాకు చదివింపులు వస్తాయి. హిందువులూ ముస్లిములూ చక్కెరో, బెల్లమో, మలీదానో తెస్తారు. హజ్రత్ వాటి మీద ఫాతిహా ప్రార్థన చదివి, దర్గా పేరిట కాస్త తీసుకుని, మిగతాది తెచ్చినవాళ్లకే ఇస్తాడు. వాళ్లు అక్కడున్న వాళ్లందరికీ పంచుతారు. చదివించినదాన్ని ఎవరూ కాదనరు. ఖలందర్ కూడా కాదనేవాడు కాదు. పుణ్యానికి చిటికెడు చాలని తెలిసీ, భక్తి ఎక్కువైనట్టు రెండు చేతులూ చాచేవాడు.

ఖలందర్ హజ్రత్ ఎదురుగా కూర్చుని నిప్పుల గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. ఓబుళమ్మవ్వ మలీదా పళ్లెంతో వచ్చి పక్కనే కూర్చుంది. మనవరాలికి నెలలు నిండాయట. వేడి రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి నలిపిన వాసన అతని ముక్కుకు తగిలింది. నోట్లో నీళ్లూరాయి. లేచి పారిపోదామంటే చేతిలో నిప్పులున్నాయి.

హజ్రత్ చిటికెడు వేయాల్సిన చోట పిడికెడు సాంబ్రాణి వేశాడు.

పొగ గుప్పుమంది. కళ్లు మండి, ఖలందర్‌కు దగ్గు తన్నుకొచ్చింది. పక్కనున్న తాటాకు విసనకర్ర అందుకుని గబగబా విసిరాడు. నిప్పులు ఎర్రగా కణకణలాడాయి. పొగ రెట్టింపయింది. ఇంకా గట్టిగా విసిరాడు. ఓబుళమ్మవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"యాందిరా నాయనా! మమ్మల్ని పొగబెట్టి తరుముతావా?"

చుట్టూ ఉన్నవాళ్లు దగ్గుతూనే నవ్వారు. ఖలందర్‌కు సిగ్గేసింది. సిగ్గుకు కోపం తోడై చేయి మరింత జోరుగా ఆడింది.

హజ్రత్ చేయి చాచి విసనకర్ర లాక్కున్నాడు. దాన్ని చాప మీద పెట్టి, దానిపైన కూర్చున్నాడు.

"ఇప్పుడు ఏం చేసేది హజ్రత్?"

"ఏం చేయొద్దు. కూచ్చో."

కూర్చోవడమే అతనికి రాదు. ఇటు జరిగాడు, అటు జరిగాడు. మోకాలు ఊపాడు. విసనకర్ర ఉండే చోటికి చేయి పోయి, ఉత్త చాప తడిమి వెనక్కి వచ్చింది. పొగ మొహానికి కొడుతూనే ఉంది. పక్కన నెయ్యి వాసన అలాగే ఉంది. ప్రాణం విసిగిపోయి కళ్లమ్మట నీళ్లు కారాయి. అవి పొగకు వచ్చినవో, ఏడుపుకు వచ్చినవో అతనికే తెలియలేదు.

హజ్రత్ సాంబ్రాణి డబ్బా మూత పెట్టి ఫాతిహా మొదలుపెట్టాడు.

చదవడం అయ్యేసరికి గిన్నెలోంచి సన్నటి పోగులాగా పొగ లేస్తోంది. చూస్తుండగానే అదీ ఆగిపోయింది. నిప్పుల మీద తెల్లటి బూడిద పరుచుకుంది.

"పొగ యాడికి పోయింది?" అడిగాడు హజ్రత్.

"అదే పోయింది."

"ఇందాక ఎందుకంత ఎక్కువైంది?"

"నేను విసిరినందుకు."

"నువ్వు విసిరింది ఎందుకు?"

"పోవాలని..."

ఖలందర్ గిన్నె కింద పెట్టి, తన ఉత్త చేతి వంక చూసుకున్నాడు. హజ్రత్ పక్కనున్న టిఫిన్ డబ్బా తెరిచి, తన రాత్రి భోజనానికి తెచ్చుకున్న ఉడికించిన గుడ్డు తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"తిను. మెల్లగా."

ఖలందర్ తిన్నాడు. ముక్క ముక్కా నములుతుంటే, కడుపు ఎంతకాలంగా దీని కోసం చూస్తోందో అప్పుడు తెలిసింది.

ఓబుళమ్మవ్వ మలీదా పంచుతూ అతని దగ్గరికి వచ్చింది. మనిషి సంగతి ఆమెకు పాతదే కనుక దోసిలి నిండా పట్టేంత ముద్ద తీసింది. మళ్లీ నోట్లో నీళ్లూరాయి. ఖలందర్ కదలకుండా కూర్చుని ఆ నీళ్లు మింగాడు. కాసేపటికి ఒక చేయి మాత్రం చాచాడు.

"చిటికెడు చాలవ్వా."

"ఏం నాయనా, ఒంట్లో బాగలేదా?"

"బాగుండాది."

ఆ చిటికెడు కళ్లకు అద్దుకుని నోట్లో వేసుకున్నాడు. తియ్యగానే ఉంది. రెండో చేయి ఒళ్లోనే ఉండిపోయింది. హజ్రత్ అప్పటికే ఇంకెవరి చక్కెరకో ఫాతిహా చదువుతున్నాడు, ఇటు చూడనైనా లేదు.

మెట్లు దిగుతుంటే షమీమ్ ఆత్రంగా లేచి అతని మెడ చూసింది, మోచేయి చూసింది.

"తాయెత్తు కట్టలేదా?"

"లేదు. చేతిలో విసనకర్ర ఉంటే తీసేసుకున్న్యాడు."

ఆమెకేమీ అర్థం కాలేదు. నాలుగు మెట్లు దిగాక ఖలందర్ ఆగాడు.

"పిల్లోళ్లను తీసుకోని మీ తమ్మునింటికి పోవద్దు షమీమ్. ఈ రాత్రి మనింట్లోనే అన్నం వండు."