రాజుగారు గెలిచిన పడక పందెం

ఎప్పటి మాటో గానీ, కాకులకొండ అని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే గండభూపాలుడికి అసూయ తప్ప ఇంకే జబ్బూ లేదు. అయితే ఆ ఒక్కటే పది జబ్బుల పెట్టు.

ఆ ఏడు దసరా ఉత్సవంలో రాజుగారు రాతిగుండును ఛాతీ దాకా ఎత్తారు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఆ వెనకే ఆస్థాన మల్లుడు పోలయ్య అదే గుండును భుజానికెత్తుకుని బరి చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాడు. జనం ఈలలు వేశారు, తలపాగాలు ఎగరేశారు. రాణిగారు కూడా లేచి నిలబడి చూశారు. అది చూసి రాజుగారి కడుపు భగ్గుమంది.

మర్నాటి నుంచే ఆయన సాము మొదలుపెట్టారు. పొద్దున అయిదు వందల దండీలు, సాయంత్రం అయిదు వందల బస్కీలు. మల్లులు సాము చేసే తాలింఖానాలో ఒక ఆచారం ఉండేది. మంగళవారం నాడు కుస్తీలు పట్టే గోదా మట్టిని తవ్వి, నూనె, మజ్జిగ చల్లి, ఎవరూ కాలు పెట్టకుండా వదిలేసేవారు. ఆ రోజు మల్లులకూ సెలవే.

"పోలయ్య పడుకున్న రోజు కూడా నేను చేస్తే వాణ్ణి దాటిపోనూ!" అని రాజుగారు మంగళవారాలు కూడా గోదాలో దిగారు.

మూడు నెలలు గడిచాయి. తవ్వే రోజు లేక గోదా మట్టి బండబారింది. రాజుగారి భుజాలు పట్టేశాయి, మోకాళ్లు వాచాయి. గుండు మోకాలు దాటి పైకి రావడం మానేసింది. పోలయ్య మాత్రం నిగనిగలాడుతూ ఎదురుపడేవాడు. రాజుగారికి అన్నం సహించేది కాదు.

చివరికి పోలయ్యను సభకు పిలిపించారు.

"ఏం మందు మింగుతున్నావురా?"

"మందూ మాకూ లేదు మహాప్రభో. జొన్న సంకటి తింటాను. సాము చేస్తాను. మంగళవారం పడుకుంటాను."

"పడుకుంటే బలం వస్తుందా? నన్నే ఎగతాళి చేస్తావా! ఎనిమిది రోజుల్లో అసలు రహస్యం చెప్పకపోతే పెళ్లాం బిడ్డలతో పొలిమేర దాటాలి!"

పోలయ్య రెండు చేతులూ జోడించాడు. చిన్న బిడ్డకు ఇంకా నడకైనా రాలేదు. అప్పుడు ఆస్థానంలో మాటకారిగా పేరున్న సింగన్న తన ఆసనం మీంచి లేచాడు.

"ప్రభూ, వాడు నిజమే చెప్పాడు. కానీ ఆ పడక అందరి వల్లా కాదు. పొద్దున మంచమెక్కితే పొద్దువాలే దాకా వాడు దిగడు. ఏలినవారికి అది అసాధ్యం."

"వాడికి చేతనైంది నాకు చేతకాదా?"

"చేతకాదనే నా పందెం. తమరు గెలిస్తే వాడితో పాటు నేనూ ఊరు విడిచిపోతాను."

మంగళవారం పొద్దున తాలింఖానాలో రెండు మంచాలు వేశారు. పోలయ్యకు ఆ రోజు కునుకు పట్టలేదు. బిడ్డలే కళ్లముందు మెదులుతున్నారు. అయినా సింగన్న చెప్పినట్టు కళ్లు మూసుకుని గురక నటించాడు.

రాజుగారు ఒక కన్ను తెరిచారు. "వాడు లేచాడా?"

"లేదు ప్రభూ, ఇప్పుడే పక్కకు తిరిగాడు," అన్నాడు మంచాల పక్కనే కూర్చున్న సింగన్న.

రాజుగారూ పక్కకు తిరిగారు. జాము గడిచేసరికి ఆయన గురకకు పోలయ్య గురక వినపడకుండా పోయింది. పొద్దువాలాక పోలయ్య లేచాడు. రాజుగారు లేచేసరికి బుధవారం ఎండ ముఖాన కొడుతోంది.

"గెలిచాను!" అంటూ మంచం మీంచి దూకారు. "సింగన్నా, ఇక మూట సర్దుకో!"

"సర్దుకునే వచ్చాను ప్రభూ. వెళ్లేముందు తమరు ఒక్కసారి గుండు ఎత్తితే కళ్లారా చూసి పోతాను."

గెలిచిన హుషారులో రాజుగారు గుండు పట్టారు. మోకాలు దాటింది. నడుము దాటింది. మూడు నెలల తర్వాత మళ్లీ ఛాతీకి చేరింది. ఆయన దాన్ని దించి, తన చేతుల వంక, మంచం వంక మార్చి మార్చి చూసుకున్నారు.

సింగన్న మూట భుజాన వేసుకున్నాడు. "నిన్న తమరు చేసిన సాము ఏమిటి ప్రభూ? తిన్న మందు ఏమిటి? పోలయ్య చెప్పింది అబద్ధమైతే సెలవిప్పించండి, ఇద్దరం వెళ్తాం."

రాజుగారు కాసేపు మీసం నమిలారు. తర్వాత ఆగలేక ఫక్కున నవ్వారు.

"దించవయ్యా ఆ మూట! మరి గుండు భుజం మీదికి ఎప్పుడొస్తుంది?"

"ఇంకా బోలెడన్ని మంగళవారాలు ఉన్నాయి ప్రభూ."

సింగన్నకు బంగారు కడియం దక్కింది. నిజం చెప్పినందుకు పోలయ్యకు చక్కటి టేకు మంచం దక్కింది. పోలయ్య మంచం నెత్తిన పెట్టుకుని మురిసిపోతూ వెళ్తుంటే రాజుగారు వీధి మలుపు దాకా చూశారు. వెంటనే వడ్రంగికి కబురు పెట్టారు. తమకూ అలాంటిదే చెయ్యాలట, దానికన్నా జానెడు పొడుగ్గా.