కోట గుమ్మంలో రాయసగాడు

కోట గుమ్మంలో ఎవరేం మాట్లాడినా పొల్లుపోకుండా రాయమని దివాను ఒక రాయసగాణ్ణి కూర్చోబెట్టాడు. చల్లలమ్మే గవరమ్మ ఓ సాయంత్రం, "ఈ దివానుకు వేరే పని లేదు కాబోలు" అని గొణిగింది. మర్నాడే ఆమెను రాజు ముందు నిలబెట్టారు.

 రాయసగాడి ఘంటం ఎవరికోసమూ ఆగదని గవరమ్మ రోజూ చూస్తున్నదే.

"నా ఒక్క మాటే ఎందుకు ప్రభూ? నిన్న రాసిందంతా చదివించండి," అంది.

రాజు సరేనన్నాడు. రాయసగాడు గొంతు సవరించుకున్నాడు. "పొద్దుగూకాక దివానుగారు వచ్చి, కోట తలుపు తెరిపించే రహస్యపు మాట చెప్పారు. ఆ మాట..."

"ఆపు!" దివాను ఉలిక్కిపడి లేచాడు.

గవరమ్మ నెమ్మదిగా అడిగింది. "ఈ తాటాకులు దొంగకు దొరికితే, నా గొణుగుడు ఏరుకుంటాడా ప్రభూ?"

రాజు పకపకా నవ్వి, ఆ తాటాకుల్ని అక్కడికక్కడే తగలబెట్టించి, గుమ్మంలో రాత మాన్పించాడు. ఆ సాయంత్రం గుమ్మంలో జనం నోరారా మాట్లాడుకున్నారు.