డేగయ్య చూసిన సముద్రం

కాలువ గట్టు పక్కన ఒక రైతు పెరడు. అందులో గడ్డిమేటు, గేదెల చావిడి, కోళ్లగూడు, ఎవరి పనిలో వాళ్లుండే జీవాలు. అందరిలోకీ పని తక్కువా గొంతు ఎక్కువా కోడిపుంజు డేగయ్యకే. ఎర్ర ఈకల పుంజుని డేగ అనడం ఆ వైపు అలవాటు. అలా ఆ పేరొచ్చింది గానీ, జన్మలో అతను ఎగిరింది గడ్డిమేటు మీదికే.

అతనికి అప్పజెప్పిన పని ఒక్కటే. పగలు రైతూ కుక్కా పొలంలో ఉంటారు. నక్క అలికిడి తగిలితే డేగయ్య గొంతెత్తి కూయాలి, ఆ కూత విని కుక్క పరుగున రావాలి. ఆ ధీమాతోనే అతని పెళ్లాం నూకాలు, చుక్కల పెట్ట, గూట్లో కదలకుండా గుడ్లు పొదుగుతోంది. రేపో మాపో పిల్లలు పెంకు పగలగొట్టుకుని వస్తాయి.

ఆ సాయంత్రం బాతు సూరమ్మ ఊళ్లు తిరిగి ఇల్లు చేరింది. కోతలు అయిపోగానే బాతుల కాపరి దారిలో ఊళ్ల బాతుల్ని కూడా మందలో కలుపుకుని, కోసిన చేల మీదుగా తోలుకుపోతాడు. సూరమ్మ ఏటా వెళ్తుంది, ఏటా వచ్చి కబుర్లు చెబుతుంది, ఏటా డేగయ్యకి కడుపు మండుతుంది. ఈసారి మరీ మండింది. అతను గడ్డిమేటెక్కి కూస్తుంటే ఒక్క పెట్టయినా తల తిప్పి చూడలేదు. అందరూ సూరమ్మ చుట్టూ మూగారు.

"సముద్రం దాకా వెళ్లావా అక్కా?" అంది ఒక పెట్ట.

"కాళ్లు తడుపుకునే వచ్చానే. తాగి చూద్దామని ముక్కు ముంచితే ఉత్త ఉప్పు. మా కాపరి ఒకటే నవ్వు."

గేదెకి ఎప్పుడూ మేత మీదే ధ్యాస. "అన్ని ఊళ్లు తిరిగితే తిండి ఎవరు పెడతారమ్మా? పడుకోను చోటెవరిస్తారు?" అని అడిగింది.

"కోతకి ముందు వెళ్తే కర్ర పుచ్చుకుని తరుముతారు వదినా. కోతయ్యాక వెళ్తే రారమ్మంటారు. రాలిన గింజలు మేము తింటాం, చేలో నత్తల్ని ఏరిపెడతాం. ఎవరి చేలో పడుకుంటే పొద్దున్నే ఆ రైతుకి కాసిని గుడ్లు వదిలేసి వస్తాం. వచ్చే ఏడూ మా చేలోకే రండి అని వాళ్లే చెప్పి పంపుతారు."

"అంత దూరం నడిస్తే కాళ్లు పడిపోవూ?"

"నడిస్తేనేగా నలుగురూ పలకరించేది. ఉప్పుకాలవ దగ్గర ఒక ఎండ్రకాయ మాకు అడ్డదారి చూపించింది. వాళ్ల పిల్లల్ని కూడా చూపించింది పాపం. బండెక్కి పోయేవాళ్లకి ఎండ్రకాయ ఏం కనపడుతుంది?"

పెట్టలు నోళ్లు తెరుచుకుని వింటున్నాయి. గూట్లోంచి నూకాలు కూడా మెడ చాపి వింటోంది. సొంత పెళ్లాం కళ్లల్లో ఆ వెలుగు చూసేసరికి డేగయ్యకి ఒళ్లంతా కారం రాసినట్టయింది.

"ఏ మడుగు చూసి సముద్రమనుకుందో," అన్నాడు మేటు మీంచి. "బురదకాళ్లతో తిరగడం కూడా ఒక యాత్రేనా?"

సూరమ్మ కోపం తెచ్చుకోలేదు. "నువ్వూ రా మరిదీ. నూకాలు పిల్లల్ని దించాక, వచ్చే కోతలకి కలిసి వెళ్దాం. నీకు నీళ్లు పడకపోతే గట్ల మీద నడుద్దువుగాని."

"మీ వెనకాల నడవడానికి నాకేం ఖర్మ వదినా. వెళ్లానంటే దర్జాగా వెళ్తాను. కాలికి మన్ను అంటకుండా వెళ్తాను."

కంచె అవతల పొంచి ఉన్న గుంటనక్క భద్రయ్య ఈ మాట విని, వచ్చిన దారినే చల్లగా వెనక్కి పోయాడు.

మర్నాడు రైతూ కుక్కా పొలానికీ, బాతులు కాలవకీ, గేదెలు మేతకీ, మిగతా పెట్టలు గట్టు మీదికీ వెళ్లిపోయాక భద్రయ్య వచ్చాడు. వెనక ఒక మూతగంపని తాడు కట్టి ఈడ్చుకొస్తున్నాడు. డేగయ్య చూసి, కూయడానికి మెడ చాపాడు.

"కూయి బావా, కూయి," అన్నాడు భద్రయ్య తీరిగ్గా కూర్చుని. "సముద్రం చూపిద్దామని వచ్చినవాణ్ణి కుక్క చేత తరిమిస్తే నాకు పోయేదేముంది? నవ్వేది సూరమ్మ."

కూత గొంతులోనే ఆగిపోయింది.

"నువ్వా? నాకు సముద్రం చూపిస్తావా? దారిలో నన్ను మింగెయ్యవూ?"

"మూత తాడు లోపల్నుంచి నువ్వే బిగించి పట్టుకో. నువ్వు వదిలితే తప్ప నా పళ్లు నీ దాకా రావు. నడక లేదు, బురద లేదు. పైసా ఖర్చు లేదు. సాయంత్రం కుక్క వచ్చేసరికి మళ్లీ నీ మేటు మీద ఉంటావు."

"మూత దేనికి?"

"పెద్దవాళ్లు పల్లకీకి తెరలు దేనికి వేయించుకుంటారు బావా? ఎండా దుమ్మూ తగలకుండా. తెర లేకుండా పోయేది బాతులు."

ఆ ఒక్కమాటతో డేగయ్య గంపలో దిగిపోయాడు. మేటు అడ్డమై నక్క కనపడక, గూట్లోంచి నూకాలు, "ఎక్కడికి మావా?" అని కేకేసింది. "ఎక్కడికీ లేదు, ఇక్కడికే," అంటూ మూత వేసుకున్నాడు. లోపల అంతా చీకటి. ఎండుచేపల కంపు ముక్కు పగలగొడుతోంది.

భద్రయ్య గంపని గడ్డిమేటు చుట్టూ ఈడవడం మొదలుపెట్టాడు. చావిడి ముందు మురుగుకాలవ దగ్గర గంప ఎగిరెగిరి పడింది. "పెద్ద వంతెన దాటాం బావా," అన్నాడు. కుడితి గోళెంలో తోక పెట్టి కలియబెట్టి, "గోదారి వినపడుతోందా?" అన్నాడు. డేగయ్య "ఆహా" అన్నాడు. భద్రయ్య మేటులోంచి ఎండుగడ్డి లాగి గంప చుట్టూ గలగల ఆడించాడు. "ఇదిగో హోరు. సముద్రం వచ్చేసింది."

"మూత తీసి ఒక్కసారి చూస్తాను."

"తీయి. కానీ ఈ గాలికి నీ తలమీది తురాయి వాలిపోతే నన్ననకు. నమ్మకం లేకపోతే గంప పుల్ల నాకి చూడు."

నాకి చూశాడు. ఉప్పు. ఎండుచేపల గంపకి ఉప్పు కాక ఇంకేముంటుంది? డేగయ్యకి ఆ ఆలోచన రాలేదు. సూరమ్మ ఉప్పని చెప్పిందిగా, నాకూ ఉప్పే తగిలింది, ఇక ఆవిడ గొప్పేంటి అనుకున్నాడు. ఆ చీకట్లో, ఆ కంపులో అతనికి ఎప్పుడూ లేనంత సుఖంగా ఉంది.

కాసేపటికి గంప ఆగింది. "ఇది సముద్రపు ఒడ్డు ఊరు," అన్నాడు భద్రయ్య గొంతు తగ్గించి. "నీకు భోజనం తెస్తాను. ఒక్క సంగతి. ఏం వినపడినా కూయకు. ఈ ఊరి పుంజు మహా కోపిష్టి. పరాయి కూత వింటే పొడవడానికి వస్తాడు."

అడుగుల చప్పుడు దూరమైంది. వెంటనే ఒక పెట్ట గోల వినపడింది. "మావా, నక్క! ఎక్కడున్నావు మావా? కూయి మావా!"

డేగయ్య మెడ తనకు తెలియకుండానే నిక్కింది. భద్రయ్య చెప్పింది గుర్తొచ్చి మింగేశాడు. గొంతు అచ్చం నూకాలు గొంతులాగే ఉంది. అయితే నూకాలు ఇక్కడికెలా వస్తుంది? పద్ధతి తెలిసిన ఇల్లాళ్లు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. నూకాలూ పిలవదు. ఆ పెట్ట ఒక్కసారి డేగయ్యా అని ఉంటే గంప బద్దలు కొట్టుకుని వచ్చేవాడే. మావా అంటే ఏ మావో, ఎవరి మావో. ఊరు కాని ఊళ్లో మనకెందుకు అనుకున్నాడు.

పైగా లోపల్లోపల సంతోషం కూడా వేసింది. ఇలాంటిది సూరమ్మ చూసి ఉండదు. ఇది చెబితే పెట్టలన్నీ తన చుట్టూనే మూగుతాయి. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో అన్నీ గంపలోనే సరిచూసుకున్నాడు. ఈలోగా అరుపులు ఆగిపోయాయి.

భద్రయ్య మూతి తుడుచుకుంటూ వచ్చాడు. "ఊరంతా గొడవగా ఉంది బావా, భోజనం కుదరలేదు. పోదాం పద." మేటు చుట్టూ మళ్లీ తిప్పి, "మీ ఊరొచ్చింది, నిదానంగా దిగు," అని కంచె దాటాడు. డేగయ్య మూత తీసేసరికి భద్రయ్య జాడ లేదు. గూటి వైపు పోకుండా, చెప్పబోయే కథే నెమరేసుకుంటూ మేటు చాటున పొద్దు పుచ్చాడు.

సాయంత్రం బాతులూ గేదెలూ వచ్చాయి. పెట్టలన్నీ గూటి ముందు గుంపుగా నిలబడి ఉన్నాయి. తన కోసమే చేరారనుకుని డేగయ్య మేటెక్కాడు.

"సముద్రం చూసి వచ్చాను," అన్నాడు. "ఉప్పే. వదిన చెప్పింది నిజమే. కానీ వదిన చూడని వింత ఒకటుంది. అక్కడొక ఊళ్లో గూటి మీద నక్క పడింది. పాపం పెట్ట ఎంత మొత్తుకున్నా ఆ ఊరి పుంజు నోరు విప్పలేదు. అలాంటి పుంజు ఉంటే ఎంత, లేకపోతే ఎంత? నేనే ఆ పుంజుని అయ్యుంటే ఈ కూతకి ఊరు ఊరంతా లేచి వచ్చేది."

ఎవరూ నవ్వలేదు. సూరమ్మ తల దించుకుంది. గూట్లోంచి నూకాలు మెల్లగా బయటికొచ్చింది. తోక ఈకలు సగం ఊడిపోయి ఉన్నాయి.

"ఆ పెట్ట ఏమని మొత్తుకుంది మావా?" అని అడిగింది.

"మావా, నక్క అని. కూయి మావా అని..."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. నూకాలు పక్కకి జరిగింది. వెనక గడ్డి మీద పగిలిన పెంకులు తప్ప ఏమీ లేవు. డేగయ్య వాటిని చూశాడు, మేటు చుట్టూ గంప ఈడ్చిన చారని చూశాడు.

"పద్ధతికి పోయి చెడ్డాను," అంది నూకాలు. "ఇకనించి పేరు పెట్టే పిలుస్తాను, డేగయ్యా."

కుళ్లుతో బయల్దేరినవాడికి పరాయి ఊరు సరే, సొంత ఊరు కూడా కనపడదు.