కటాఫ్ కింద ఆగినవాళ్ళు

అప్పలస్వామి మాస్టారు విశ్వవిద్యాలయంలో ఎకనామెట్రిక్స్, అంటే దేనివల్ల ఎంత ఫలితమో అంకెలతో తేల్చే శాస్త్రం, చెప్పేవారు. ఎవరైనా ఫలానాది మేలు చేసిందంటే చాలు, అది లేకపోతే ఏమయ్యేదో చెప్పమని అడిగేవారు. పెళ్ళి విందులో గోంగూర పచ్చడిని మెచ్చుకున్నా ఇదే వరస. అందుకని పంక్తిలో ఆయన పక్కన కూర్చోవడానికి బంధువులు జంకేవారు. శిష్యులకు మాత్రం ఆ ప్రశ్నే గురుమంత్రం.

ఒక ఏడాది విశ్వవిద్యాలయం కమిటీలోని పైవాళ్ళకు మాస్టారి ఎమ్మే కోర్సు దండగనిపించింది. దానివల్ల మేలుందని రుజువు చూపితే ఉంచుతాం, లేకపోతే ఎత్తేస్తామన్నారు. మాస్టారి దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సత్యవేణి గుండెలో రాయి పడింది. ఆమెకు బతుకుదారి చూపించింది ఆ కోర్సే.

"మన చదువు మేలు చేసిందని కొలిచి చూపడం ఎలా మాస్టారూ?" అని అడిగింది.

ఆయన ఉపాయమేమీ చెప్పలేదు. నేర్చుకున్న పద్ధతులు ఉన్నాయి కదా, వాటితోనే చూడమన్నారు.

సత్యవేణి అలాగే చేసింది. ప్రవేశ పరీక్షలో కటాఫ్‌ను బొటాబొటిగా దాటి సీటు తెచ్చుకున్నవాళ్ళను ఒకవైపు, ఒకటి రెండు మార్కుల్లో పోగొట్టుకున్నవాళ్ళను మరోవైపు పెట్టింది. తెలివిలో ఇద్దరూ ఇద్దరే. తేడా అల్లా మాస్టారి పాఠం ఒక్కటే. అదే మనుషుల ఉద్యోగాలనూ జీతాలనూ ఏటేటా వెంబడించి చూస్తే, సీటు వచ్చినవాళ్ళు ముందుండాలి. తీరా చూస్తే రెండు జట్లూ జోడెడ్లలా సమానంగా నడుస్తున్నాయి. తేడా సున్నా. ఎన్ని విధాల లెక్క కట్టినా సున్నాయే. గురువుగారి చదువు పనికిరాదని తన చేత్తోనే రుజువు చేసినట్టయి, పాపం, ఆ పిల్ల కూర్చుని ఏడ్చింది.

చివరి ఆశగా, సీటు రానివాళ్ళలో ఒకరైన లక్ష్మున్నాయుడిని వెతుక్కుంటూ వెళ్ళింది. అతను గణాంక శాఖలో ఈ పద్ధతులతోనే పనిచేసే అధికారి. మాస్టారి కోర్సులో చేరకుండానే ఈ పద్ధతులన్నీ ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, అతను ఆశ్చర్యపోయాడు.

"ఇంకెక్కడమ్మా, మాస్టారింట్లోనే. సీటు రానోళ్ళందరికీ ఆయనే కబురెట్టీవోరు. ఆదివారం పాఠం, మద్దేన్నం అమ్మగారి చేతి అన్నం. ఆయన రుణం ఈ జన్మలో తీరదు" అన్నాడు. ఆ మాట అంటుంటే అతని కళ్ళు చెమర్చాయి.

సత్యవేణి తిన్నగా మాస్టారింటికి వెళ్ళింది. ఒకవైపు దండం పెట్టాలని ఉంది, ఇంకోవైపు ఒళ్ళు మండిపోతోంది. పోల్చి చూడడానికి బయట మిగలాల్సినవాళ్ళకు కూడా పాఠం చెప్పేస్తే మేలెంతో ఎవరికి తెలుస్తుందని నిలదీసింది. అలా చేస్తే కొలత చెడిపోతుందని క్లాసులో చెప్పింది తమరే కదా అని కూడా అనేసింది. ఆయన కాదనలేదు. తప్పు పట్టుకున్నందుకు మెచ్చుకుని, ముందు కూర్చోమన్నారు.

"ఇప్పుడు కమిటీకి ఏం రాయమంటారు?" అంది ఆమె.

"సున్నా అనే రాయమ్మా. ఎలా వచ్చిందో కూడా రాయి. అది తేవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది" అన్నారు మాస్టారు.