సొట్టలు తీసే కామాక్షి

రథాల ఇత్తడి రేకులకు పడ్డ సొట్టలు తీసే మౌనాచారి పోయి నెల తిరగలేదు. రథశాల అధికారి ఆయన కూతురు కామాక్షిని కొలిమి ఖాళీ చేయమన్నాడు.

"ఏ గురువు దగ్గరా శాస్త్రం చదవలేదు నువ్వు. నీకు పని వచ్చని రుజువేది?"

కామాక్షి దుఃఖం దిగమింగుకుంది. పదేళ్లు తండ్రి పక్కనే కూర్చుని, వేళ్లు కాయలు కాసేలా నేర్చుకున్న పని అది.

"అయ్యా, దసరాకు మీరు రాజుగారి రథాన్ని కోటగోడకు గుద్దారు. నాన్న అప్పటికే మంచం పట్టాడని ఊరంతటికీ తెలుసు. సొట్టలన్నీ నేనే తీశాను. ఒక్కటి మిగిలిందని చూపించండి, ఇప్పుడే వెళ్లిపోతాను."

అధికారి రథమంతా తడిమి చూశాడు. చేతికి ఒక్క సొట్టా తగల్లేదు.

"సరే, కొలిమి నీదే," అన్నాడు తలొంచుకుని.

కామాక్షి కొలిమికి వచ్చి సుత్తి ఎత్తింది. రేకు మీద ఒక దెబ్బ వేసి, అలవాటుగా "ఇలాగేనా నాన్నా?" అని అడిగింది.

జవాబు రాలేదు. అప్పుడు ఏడ్చింది.