మిగిలిన జానెడు

సముద్రపు ఒడ్డున ఒక గోల్ఫ్ మైదానం ఉండేది. అందులో ఒక్క చెట్టు కూడా లేదు.

ఇసుక దిబ్బలు, వాటి మీద మోకాటి ఎత్తు గడ్డి, నడుమ సన్నని పచ్చని దారులు, పద్దెనిమిది గుంతలు, గుంతకొక జెండా. అంతకు మించి అక్కడ చూడవలసినది లేదు. మిగిలినదంతా గాలి. నాలుగేళ్లకొకమారు దేశదేశాల మేటి ఆటగాళ్లు అక్కడికే వచ్చి, తమలో మొనగాడెవరో తేల్చుకొని పోయేవారు. అందుచేత ఆ మైదానం పేరు దానిని ఎన్నడూ చూడనివారి నోళ్లలో కూడా నానుతూ ఉండేది.

పేరు పెరిగినకొద్దీ అభిప్రాయాలూ పెరిగాయి. ఆడితే అక్కడే ఆడాలి అన్నవారు కొందరు. అది మైదానమా, ఒంటెల మందా అన్నవారు కొందరు. ఒకే రోజు, ఒకే గాలిలో, పక్కపక్కనే నడిచినవారు కూడా రెండు వేరు దేశాలు చూసి వచ్చినట్టు మాట్లాడేవారు.

మైదానం ఒక దొరసానిది. తాతగారి నుంచి ఆమెకు సంక్రమించింది. ఆమె ఎన్నడూ కర్ర పట్టి బంతిని కొట్టలేదు గాని, అభిప్రాయాలు మాత్రం ఇరవై ఏళ్లుగా వింటూ ఉంది. అది ఆ ఇంటి మర్యాద. ఆట ముగించినవాడు వసారాలో కూర్చుని, మజ్జిగ తాగి, మైదానాన్ని గురించి తన మాట చెప్పి పోవాలి. పద్దెనిమిది గుంతల్లోనూ బంతి వేసినవాడి మాటే మాట. నడుమ మానినవాడు ఎంతటివాడైనా, మజ్జిగ ఇచ్చి పంపేవారే తప్ప మాట అడిగేవారు కారు.

వినీ వినీ ఆమె విసిగిపోయింది. ఒకనాడు గుమస్తాను పిలిచి చెప్పింది.

"దిబ్బలు చదును చేయిద్దాం. ఒడ్డు పొడుగునా సరుగుడు చెట్లు వేస్తే గాలి ఆగుతుంది. నేల తివాచీలా ఉంటే ఇక ఎవరూ ఏమీ అనరు. అయినా, రేపు వచ్చే నలుగురినీ ఒక్క ప్రశ్న అడుగుతాను. మర్నాడు ఇదే గాలిలో మళ్లీ ఆడతానని వారిలో ఒక్కరు అన్నా మైదానం ఉన్నట్టే ఉంటుంది. అనకపోతే గడ్డపారలు దింపించు."

ఈ మాట సంచీ మోసేవాడి చెవిని పడింది. అతడు ముసలివాడు. నలభై ఏళ్లుగా ఇతరుల కర్రల సంచీని భుజాన వేసుకొని ఆ దిబ్బల మీద నడిచినవాడు. తనదంటూ ఒక్క కర్ర లేదు, ఒక్క బంతి లేదు. కాని ఏ మలుపులో ఇసుక వేడిగా ఉంటుందో, ఏ పల్లంలో చెమ్మ నిలుస్తుందో అతని అరికాళ్లకు తెలుసు. ఆ మాట విన్నది మొదలు అతనికి అన్నం సయించలేదు.

మరునాడు నలుగురూ వచ్చారు. మొదటివాడు పది బంగారు గిన్నెలు గెలిచిన మొనగాడు. రెండవవాడు ఇలాంటి మైదానాలను తానే కట్టించే కొలతలవాడు. మూడవవాడు ఈ మైదానం చరిత్రనంతా కంఠస్థం చేసిన భక్తుడు. నాలుగవవాడు పదవి విరమించిన న్యాయాధిపతి. ముసలివాడు న్యాయాధిపతి సంచీని ఎత్తుకొన్నాడు.

"ముసలయ్యా, ఈ గాలి ఎప్పుడాగుతుంది?" అన్నాడు మొనగాడు, టోపీని రెండు చేతులా పట్టుకొని.

"మా తాత పుట్టకముందు ఒకసారి ఆగిందట బాబూ. చూసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు."

ఆట సాగింది. మొనగాడు కొట్టిన బంతి జెండా వైపు చక్కగా పోయి, దిబ్బ తగిలి, పక్కకు దూకింది. కొలతలవాడు దెబ్బకొకసారి తాడు తీసి నేలను కొలిచాడు. భక్తుడు ప్రతి గుంత దగ్గరా అక్కడ పూర్వం ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో గొంతెత్తి చెప్పాడు. న్యాయాధిపతి తన బంతి వెంట తాను నడిచాడు.

ఏడవ గుంత దారిలో న్యాయాధిపతి బంతి గడ్డిలో పడి కనిపించకుండా పోయింది. ముసలివాడు వంగి వెదికి, "ఇదిగోనండి అయ్యగారూ" అని చూపాడు. న్యాయాధిపతి కొట్టాడు.

తొమ్మిదవ గుంత ముందు నిలువులోతు ఇసుక గొయ్యి ఒకటి ఉంది. బంతి అందులో పడింది. నాలుగు దెబ్బలకు రాలేదు. అయిదవ దెబ్బకు వచ్చింది. అలాంటప్పుడు ఆటగాళ్లు కర్ర విసిరివేయడమో, సంచీ మోసేవాణ్ణి తిట్టడమో ఆనవాయితీ. ముసలివాడు తలవంచుకొని సిద్ధంగా నిలబడ్డాడు. తిట్టు రాలేదు. తల ఎత్తి చూస్తే న్యాయాధిపతి నవ్వుతున్నాడు.

"ముప్ఫై ఏళ్లు తీర్పులు చెప్పానయ్యా. నేను గదిలోకి వస్తే గోడగడియారం కూడా లేచి నిలబడేది. ఈ ఇసుక మాత్రం కూర్చునే ఉంది."

"దానికి తమరెవరో తెలియదు కదండీ."

"తెలియదు. అందుకే వచ్చాను. ఈ పద్దెనిమిది గుంతలూ ఒక్కసారి పూర్తిచేసి పోవాలని ముప్ఫై ఏళ్ల కోరిక. ఈ చోటు నాకు మేలే చేసింది."

ముసలివాడికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ నలుగురిలోకి రేపు మళ్లీ ఆడతాననే మనిషి ఈయనే అని నిశ్చయించుకొన్నాడు. అక్కడినుంచి సంచీ బరువు తెలియలేదు.

పద్దెనిమిదవ గుంతలో బంతి పడింది. ముసలివాడు వంగి దానిని తీశాడు. తీసి, గుప్పిట మూశాడు. న్యాయాధిపతి తన బంతుల మీద నీలి సిరాతో ఒక గీత గీసుకొని తెచ్చుకొన్నాడు. ఈ బంతి మీద గీత లేదు. ఏడవ గుంత దారిలో గడ్డిలో దొరికినది, ఎవరో ఎన్నడో పోగొట్టుకొన్న బంతి. అక్కడినుంచి ఇద్దరిలో ఒక్కరూ గీత చూసుకోలేదు.

"ఇలా ఇవ్వు" అన్నాడు న్యాయాధిపతి.

"గాలికి సిరా చెరిగిపోయిందండి."

"సిరా గాలికి చెరగదు."

పరుల బంతితో ఆడిన ఆట ఆట కాదు. అది ఈ క్రీడకు ఎక్కడైనా నియమమే. ముసలివాడు గొంతు తగ్గించి, "వాళ్లు ముగ్గురూ ముందే వెళ్లిపోయారండి. ఎవరు చూశారు?" అన్నాడు.

"నువ్వు చూశావు. నేను చూశాను. రెండు సాక్ష్యాలు చాలునని మనుషులను చెరసాలకు పంపినవాణ్ణి నేను."

అలా అని ఆయన వసారా వైపు నడిచాడు. ముసలివాడు వెనక నడిచాడు. సంచీ ఇప్పుడు రాళ్లు నింపినట్టుంది. మైదానాన్ని నిలబెట్టగల ఒక్క మాట, తన కంటిచూపు తప్పడం వల్ల, మాటే కాకుండా పోయింది.

వసారాలో దొరసాని అప్పటికే అడుగుతూ ఉంది.

మొనగాడు మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఇక్కడే పుట్టి ఉంటుందమ్మా. మంచి దెబ్బకు శిక్ష, చెడ్డ దెబ్బకు బహుమానం. ప్రతిభకు ఇక్కడ గౌరవం లేదు. రేపు మళ్లీనా? సెలవు."

కొలతలవాడు తాడు చుట్టుకొంటూ అన్నాడు. "చెడ్డదనను. ఎనిమిదవ గుంత మూడు మూరలు ఎడమకు జరగాలి. పదకొండవ దిబ్బ అనవసరం. అవి సరిచేసిన మర్నాడు పిలవండి, వస్తాను."

భక్తుడి కళ్లు చెమర్చాయి. "జన్మ ధన్యమైందమ్మా. ఇంతటి చోటు భూమి మీద లేదు. చూడండి, ఈ ఇసుకను పొట్లం కట్టుకొన్నాను."

"అందులో నా బంతులు రెండు ఉంటాయి, చూసి ఇవ్వండి" అన్నాడు మొనగాడు.

"మరి రేపు మళ్లీ ఆడతారా?" అని దొరసాని భక్తుణ్ణి అడిగింది.

భక్తుడు తడబడ్డాడు. "మళ్లీ అంటే... ఒకసారి అయింది కదమ్మా. ఇక ఊరికి పోయి నలుగురికీ చెప్పుకోవాలి."

దొరసాని న్యాయాధిపతి వైపు తిరిగింది. ఆయన కూర్చోలేదు. "మీ మాట?"

"నాకు మాట లేదమ్మా" అని ఆయన గీత లేని బంతిని బల్ల మీద పెట్టి, జరిగినది చెప్పాడు.

"చూపింది నేనమ్మా, తప్పు నాది" అన్నాడు ముసలివాడు.

"కొట్టింది నేను" అన్నాడు న్యాయాధిపతి. "ఆడనివాడికి అభిప్రాయం ఉండరాదు. రేపు ఒక్కరోజు గడువిస్తే ఆడతాను."

గుమస్తా దగ్గాడు. "గడ్డపారలవాళ్లకు రేపు ఉదయానికే కబురు వెళ్లిందమ్మా. అయినా ఈయన రేపు ఆడతానంటున్నారుగా, అది చాలదా?"

"చాలదు" అంది దొరసాని. "మళ్లీ ఆడతారా అన్నది నా ప్రశ్న. ఈయన ఇంకా మొదటిసారే ఆడలేదు. అయితే, ఒకరి ఆట మిగిలి ఉండగా ఈ నేల తవ్వించడం మా ఇంట లేదు. రేపు పూర్తిచేయండి. ఆ పిమ్మట అదే ప్రశ్న మిమ్మల్నీ అడుగుతాను."

మరునాడు గాలి ఇంకా పెరిగింది. గడ్డపారలవాళ్లు ఇరవైమంది దిబ్బ మీద వరుసగా కూర్చుని ఎదురుచూస్తున్నారు. మొదటి గుంత దగ్గరే ముసలివాడు గమనించాడు. న్యాయాధిపతి మోకాళ్లు వాచి ఉన్నాయి. నిన్నటి నడక ఆ వయసుకు ఎక్కువ.

ఆయన ప్రతి దెబ్బకు ముందూ వంగి బంతి మీది గీత చూసుకొన్నాడు. వంగిన ప్రతిసారీ లేవడం కష్టమైంది. పదవ గుంత తరువాత ముసలివాడి భుజం పట్టుకొని నడిచాడు. ఒక భుజాన సంచీ, ఒక భుజాన న్యాయాధిపతి. అయినా ఆ రోజు బంతి ఆయన మాట విన్నది. ఇసుక గొయ్యి పక్కనుంచే పోయింది. గాలి కూడా రెండుమార్లు మోసుకెళ్లి దారిలో దింపింది.

పదిహేడవ గుంత దాటాక ముసలివాడు ఉండబట్టలేకపోయాడు.

"అయ్యగారూ, ఇది అయ్యాక అమ్మగారు అడుగుతారు. రేపు మళ్లీ ఆడతానని ఒక్క మాట అనండి. తెల్లవారితే నిజంగా ఆడమని మిమ్మల్ని ఎవరూ ఎత్తుకు రారు. మాటే కదా."

న్యాయాధిపతి అతని భుజం మీద బరువు మోపి నడుస్తూ జవాబిచ్చాడు. "ఆ మాటకు నా మోకాళ్లు సాక్ష్యం చెప్పవయ్యా."

"అబద్ధం ఒకరిని ముంచేది కాదు కదండీ. ఇంత నేలను నిలబెడుతుంది."

"అలా నిలబెట్టినది అబద్ధం మీదే నిలబడుతుంది."

ముసలివాడు సంచీని భుజం మీద సర్దుకొన్నాడు. కళ్లలో ఇసుక పడినట్టు తుడుచుకొన్నాడు.

పద్దెనిమిదవ గుంత వసారాకు ఎదురుగానే ఉంది. దొరసాని లేచి నిలబడి చూస్తూ ఉంది. న్యాయాధిపతి రెండు దెబ్బలకు దగ్గరికి వచ్చాడు. మూడవది మెల్లగా తట్టాడు. బంతి దొర్లుకుంటూ పోయి గుంతకు జానెడు దూరంలో ఆగింది. ఇక పిల్లవాడు ఊదినా పడుతుంది. గడ్డపారలవాళ్లు లేచి నడుములు బిగించుకొన్నారు.

న్యాయాధిపతి బంతిని చూశాడు. గుంతను చూశాడు. వెనుదిరిగి, తాను రెండు రోజులు నడిచిన దిబ్బలన్నిటినీ మొదటినుంచి చివరివరకు చూశాడు. గాలి ఆయన చొక్కాను, నెరిసిన జుట్టును, ఎవరిదైతేనేమి అన్నట్టు లాగుతూ ఉంది. ఆయన చేతులు జోడించాడు. తరువాత వంగి, బంతిని తీసి జేబులో వేసుకొన్నాడు.

"అయ్యో! జానెడే కదండీ!" అన్నాడు ముసలివాడు.

"అవును, జానెడే" అన్నాడు ఆయన. జేబులోని బంతిని ఒకసారి తడిమి చూసుకొన్నాడు.

వసారా మెట్ల దగ్గర దొరసాని అడిగింది. "బంతి తీసేశారేం?"

"నా ఆట మిగిలి ఉన్నదని మనవి చేసుకోవడానికి వచ్చానమ్మా."

"ఎప్పుడు పూర్తిచేస్తారు?"

"వాయిదా వేశాను. తేదీ వేయలేదు."

దొరసాని ఆయన ముఖంలోకి చూసి, గడ్డపారలవాళ్లను పంపివేయమని గుమస్తాకు సైగ చేసింది. పూర్తిచేయనివాడిని మాట అడగడం ఆ ఇంటి మర్యాద కాదు కనుక, అడగలేదు. మజ్జిగ తెప్పించి తన చేతులతో ఇచ్చింది. ఆయన నిలబడే తాగి, బండి ఎక్కి వెళ్లిపోయాడు. గడ్డపారలవాళ్లు పారలు భుజాన వేసుకొని ఊరి దారి పట్టారు.

ఏళ్లు గడిచాయి. ఆటగాళ్లు వస్తూనే ఉన్నారు. ఒకడు మెచ్చేవాడు, ఒకడు తిట్టేవాడు, ఒకడు కొలిచేవాడు. దొరసాని మజ్జిగ పోయించి వింటూనే ఉంది. న్యాయాధిపతి తిరిగి రాలేదు.

ఒక ఉదయం ఉత్తరం వచ్చింది. న్యాయాధిపతి కాలం చేశాడని అందులో ఉంది. గుమస్తా దానిని చదివి వినిపించి, మడిచిపెట్టి, "ఇక ఆ ఆట పూర్తిచేసేవారు లేరు కదమ్మా. గడ్డపారలవాళ్లకు కబురు చేయమంటారా?" అన్నాడు.

దొరసాని ముసలివాణ్ణి పిలిపించింది. అతనికి అప్పటికే చూపు బాగా తగ్గింది. ఒకరి భుజం పట్టుకొని వచ్చాడు.

"ఆనాడు బంతికీ గుంతకూ నడుమ ఎంత మిగిలింది?" అని అడిగింది.

ముసలివాడు కుడిచేయి పైకెత్తి, బొటనవేలూ చిటికెనవేలూ చాపి పట్టుకొన్నాడు. చేయి ఎత్తి ఉంచినంతసేపూ ఆ వేళ్లు దగ్గరకు రాలేదు.

దొరసాని ఆ వేళ్ల నడుమ నుంచి కనిపించే దిబ్బలను చూసింది. తరువాత గుమస్తాతో, "చివరి గుంత జెండా అంచు చిరిగిపోయింది. కొత్తది కట్టించు" అంది.